మధ్యాహ్నం ఎండలోనే సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోందా? లిమిట్ పెంచకండి, ముందు వైరు కొలవండి

నమస్తే అండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: కోనసీమలో రాజోలు వైపు పల్లెటూరు, 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్, 540 వాట్ల ప్యానెళ్ళు పది వెనకాల డాబా మీద, మీటరేమో ముందు గేటు దగ్గర, రెండిటికీ మధ్య 40 మీటర్లు 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు. పొద్దున్నంతా బాగానే నడిచి 11 దాటాక గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని చూపించి ఆగిపోవడం, కాసేపటికి మళ్ళీ ఎక్కడం, మళ్ళీ ఆగడం, రెండున్నర దాటితే గానీ సర్దుకోవట్లేదు. పెట్టినాయన ఇన్వర్టర్ ఆగే వోల్టేజ్ లిమిట్ 280 చేసేస్తా అంటున్నారు, పక్కింటాయన స్టెబిలైజర్ పెట్టమంటున్నారు, మీరు ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) చదివారు కాబట్టి లోపల అసలేం జరుగుతోందో కూడా చెప్పమన్నారు. ఆఖర్న చెరువు దగ్గర జనరేటరుతో కలిపి నడపొచ్చా అని ఇంకోటి.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఇన్వర్టర్‌కి ఏ జబ్బూ లేదు, అది చెయ్యాల్సిన పనే చేస్తోంది. ఆ 280 సెట్టింగు మాత్రం ఎవర్నీ పెట్టనివ్వకండి, స్టెబిలైజరూ వద్దు. మీ సమస్య ఆ 40 మీటర్ల వైర్లోనో, స్తంభం దగ్గర జాయింట్లోనో, ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే వోల్టేజ్‌లోనో ఉంది, మూడింట్లోనూ తలా కాస్త ఉన్నా ఆశ్చర్యం లేదు. ఏది ఎంతో ఒక్క మధ్యాహ్నం మల్టీమీటర్ పట్టుకుని కూర్చుంటే తేలిపోతుంది.

చాలామంది దీన్ని ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ లాంటిదే అనుకుంటారు, అక్కడే తేడా వస్తుందండి. బ్యాటరీ ఇన్వర్టర్ తనే 230 వోల్టులు పుట్టించి ఇంటికి ఇస్తుంది. గ్రిడ్‌కి కట్టే సోలార్ ఇన్వర్టర్ వోల్టేజ్ పుట్టించదు, లైన్లో ఆల్రెడీ ఉన్న వోల్టేజ్‌ని చూసి దానికి జతగా కరెంటుని లోపలికి నెడుతుంది. ఎండ ఎంత ఉంటే అంత కరెంటు. ఆ కరెంటు వైరు రెసిస్టెన్స్ దాటి వెళ్ళాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజ్ మీటరు దగ్గర కంటే ఎక్కువ ఉండి తీరాలి. కాలవ నిండుగా పారుతున్నప్పుడు చేలో నీళ్ళు అందులోకి పోవాలంటే చేలో మట్టం కాలవ మట్టం కంటే పైన ఉండాలి కదా, బోదె ఇరుగ్గా ఉంటే ఇంకా పైకి లేవాలి, ఇదీ అంతే. మీ బోదె ఆ 4 స్క్వేర్ వైరు.

లెక్క చూడండి. 4 స్క్వేర్ కాపర్ కిలోమీటరుకి సుమారు 5 ఓంలు. పోనూ రానూ 80 మీటర్లు, అంటే 0.4 ఓం. మధ్యాహ్నం మీ ఇన్వర్టర్ 4.4 కిలోవాట్లు ఇస్తోందనుకుందాం, 245 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు. 18ని 0.4తో గుణిస్తే 7.2 వోల్టులు. అంటే మీటరు దగ్గర 246 ఉంటే ఇన్వర్టర్ నెత్తిన 253 దాటేసింది. ఆ 253 దగ్గరే ఎందుకు ఆగుతుందంటే సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2013 రెగ్యులేషన్స్ ప్రకారం వోల్టేజ్ 110 శాతం దాటినా 80 శాతం కంటే పడిపోయినా 2 సెకన్ల లోపు ఇన్వర్టర్ లైన్ నుంచి విడిపోవాలి, 230కి 110 శాతం అంటే సరిగ్గా 253. మళ్ళీ ఎక్కాలంటే వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ రెండూ కనీసం 60 సెకన్లు నిలకడగా ఉండాలి. అది ఆగగానే కరెంటు సున్నా, వైర్లో ఆ 7 వోల్టులూ మాయం, నిమిషం చూసి అంతా బాగుందని మళ్ళీ ఎక్కుతుంది, కరెంటు పెరుగుతుంది, మళ్ళీ 253. మీకు కనిపిస్తున్న ఎక్కడం దిగడం ఇదేనండి. యాప్‌లో ఆ రోజు గ్రాఫ్ తీసి చూడండి, పవర్ 3.5, 4 కిలోవాట్లు దాటినప్పుడల్లా సున్నాకి పడుతోంటే, మబ్బు పట్టిన రోజున మాత్రం ఒక్కసారీ ట్రిప్ అవ్వకపోతే, ఇంక అనుమానమే అక్కర్లేదు.

ఇప్పుడు మీరడిగిన లోపలి సంగతి. పది ప్యానెళ్ళ స్ట్రింగ్ 410 వోల్టుల చుట్టూ డీసీ ఇస్తుంది. 230 ఏసీ అంటే పీక్ 325 వోల్టులు, 253 అయితే 358, డీసీ లింక్ (లోపల కెపాసిటర్ మీద నిలిచి ఉండే డీసీ) వోల్టేజ్ ఎప్పుడూ ఈ పీక్ కంటే పైన ఉండాలి లేకపోతే కరెంటు గ్రిడ్ వైపు పోదు, అందుకే స్ట్రింగ్ వోల్టేజ్ చాలనప్పుడు ముందు బూస్ట్ స్టేజ్ ఉంటుంది, ఎమ్‌పీపీటీ పనీ, అంటే ప్యానెళ్ళ నుంచి వీలైనంత ఎక్కువ పవర్ లాగడం, సాధారణంగా అక్కడే జరుగుతుంది, వోల్టేజ్‌ని కొంచెం కదిపి పవర్ పెరిగిందా తగ్గిందా చూసుకుంటూ పోతుంది. తర్వాత నాలుగు స్విచ్‌ల బ్రిడ్జి, 16, 20 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో స్విచ్ అవుతూ ఉంటుంది, దాని తర్వాత గ్రిడ్ వైపు ఎల్‌సీఎల్ ఫిల్టర్ (రెండు కాయిళ్ళు, మధ్యలో కెపాసిటర్), ఆ స్విచింగ్ గరుకంతా తీసేసి నున్నని సైన్ కరెంటు బయటికి పంపడానికి.

కంట్రోల్ రెండు లూపులు. బయటి లూపు డీసీ లింక్ వోల్టేజ్‌ని పట్టుకుని ఉంటుంది: ప్యానెళ్ళ నుంచి ఎక్కువ వస్తే లింక్ వోల్టేజ్ పెరుగుతుంది, పెరగ్గానే ఇంకాస్త కరెంటు బయటికి తోసెయ్ అని ఆర్డర్. లోపలి లూపు ఆ ఆర్డర్ ప్రకారం సైన్ ఆకారంలో కరెంటు కచ్చితంగా పోయేలా చూస్తుంది, సింగిల్ ఫేజ్‌లో దీనికి ఎక్కువగా పీఆర్ (ప్రొపోర్షనల్ రెజొనెంట్) కంట్రోలర్ వాడతారు, 50 హెర్ట్జ్ దగ్గర గెయిన్ బాగా ఎక్కువ కాబట్టి ఎర్రర్ దాదాపు మిగలదు. ఒక చిక్కు ఏంటంటే సింగిల్ ఫేజ్‌లో పవర్ 100 హెర్ట్జ్‌తో ఊగుతుంది, ప్యానెల్ ఇచ్చేది మాత్రం స్థిరంగా ఉంటుంది, ఆ తేడానంతా మోసేది డీసీ లింక్ కెపాసిటర్. అందుకే బయటి లూపుని కావాలనే నెమ్మదిగా పెడతారు, స్పీడు చేస్తే ఆ 100 హెర్ట్జ్ ఊపు కరెంటు రిఫరెన్స్‌లోకి దూరి థర్డ్ హార్మోనిక్, అంటే 150 హెర్ట్జ్ కరెంటు అయి బయటికొస్తుంది. టైమింగ్ అంతా పీఎల్ఎల్ (ఫేజ్ లాక్డ్ లూప్) ఇస్తుంది, గ్రిడ్ వోల్టేజ్ ఫేజ్ పట్టుకుని. మీకు పనికొచ్చే ముక్క ఇక్కడుంది: పీఎల్ఎల్ చూసే వోల్టేజ్ ఇన్వర్టర్ టెర్మినల్స్ దగ్గరది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరది కాదు. లైన్ బలహీనంగా ఉంటే తను నెట్టే కరెంటే తను చూసే వోల్టేజ్‌ని మార్చేస్తుంది, తన నీడని తనే చూసి అడుగులు వేసినట్టు అవుతుంది. లైన్ ఇండక్టెన్స్ ఎక్కువైతే ఎల్‌సీఎల్ రెజొనెన్స్ కూడా కిందికి జరుగుతుంది, డిజైన్‌లో దాన్ని 50 హెర్ట్జ్‌కి పది రెట్ల పైన, స్విచింగ్‌లో సగం కింద ఉంచుతారు, అయినా లంక గ్రామాల్లో లైను చివర నాలుగైదు ఇన్వర్టర్లు ఒకే తీగ మీద ఉంటే ఆ లెక్క తప్పే అవకాశం ఉంది, అప్పుడు ఓవర్ వోల్టేజ్ కాకుండా గుయ్‌మని శబ్దం, ఓవర్ కరెంట్ ఎర్రర్లు వస్తాయి. మీది ఆ కేసులా లేదు.

సరే, మీటరు దగ్గర అసలు 246 ఎందుకుంటుంది, 230 ఉండాలి కదా అంటారా. మన 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ చదవండి, సెకండరీ 433 వోల్టులు అని ఉంటుంది, 415 కాదు. 433ని రూట్ త్రీతో భాగిస్తే 250. అంటే లోడు లేకపోతే స్తంభం దగ్గరే 250 ఉన్నట్టు. లోడు పడితే డ్రాప్ అయి 230కి దిగుతుందని అలా చేశారు, ఊళ్ళో కరెంటు ఒకవైపే పారే రోజుల లెక్క అది. మన డెల్టాలో దీనికి ఇంకోటి తోడైంది, చేపల, రొయ్యల చెరువులు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఎక్కువగా తిరిగేది రాత్రి, పగలు నీళ్ళలో ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, తెల్లారుగట్ల డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) అట్టడుక్కి పోతుంది కాబట్టి రైతు ఆ టైములో ఒక్క ఏరియేటర్ కూడా ఆపడు. ఆ లోడుకి ఫీడర్ వోల్టేజ్ పడిపోతుంది, మోటార్లు వేడెక్కి కాలిపోతున్నాయని కంప్లయింట్లు వెళ్తాయి, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ పెంచే, దించే మెట్టు) పెంచి పెడతారు. రాత్రికి అది న్యాయమే. కానీ అదే ట్యాప్ మీద మధ్యాహ్నం ఒంటిగంటకి, ఏరియేటర్లు సగం ఆగిపోయి, పైగా 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చాక 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ అని వీధిలో ఇంటింటికీ ప్యానెళ్ళు ఎక్కి అందరూ ఒకేసారి నెడుతుంటే వోల్టేజ్ ఎక్కడికి పోతుంది చెప్పండి. ఇది ఎవరో ఒకరి తప్పు కాదు, రాత్రి అవసరం పగలు అవసరం ఒకదానికొకటి ఎదురు.

కొలిచే పద్ధతి. బాగా ఎండున్న రోజు 12కీ ఒంటిగంటకీ మధ్య, ట్రూ ఆర్ఎంఎస్ మల్టీమీటర్ ఒకటి, ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని చెయ్యండి, మీటరు సీలు జోలికి వెళ్ళకండి, మీటరు తర్వాత మీ మెయిన్ స్విచ్ దగ్గర కొలిస్తే చాలు. ఇన్వర్టర్ ఏసీ టెర్మినల్స్ దగ్గర ఒకటి, మెయిన్ స్విచ్ దగ్గర ఒకటి, ఇన్వర్టర్ ఫుల్లుగా ఇస్తున్నప్పుడు ఒకసారి, ఏసీ బ్రేకర్ దించేశాక ఒకసారి. మొత్తం నాలుగు రీడింగులు. ఇన్వర్టర్ నడుస్తున్నప్పుడు రెండు చోట్లకీ మధ్య తేడా ఎంతుందో అది మీ ఇంటి వైరు తినేది. మెయిన్ స్విచ్ దగ్గర ఆన్‌కీ ఆఫ్‌కీ తేడా ఎంతుందో అది సర్వీసు వైరు, స్తంభం జాయింట్లు, లైను. ఆఫ్‌లో కూడా మిగిలే ఎత్తు ట్రాన్స్‌ఫార్మర్‌ది. ఈ నాలుగు అంకెలు లేకుండా కరెంటాఫీసుకి వెళ్తే మీ ఇన్వర్టరే బాలేదు అంటారు, ఇన్వర్టర్ వాళ్ళ దగ్గరికి వెళ్తే మీ లైనే బాలేదు అంటారు, మధ్యలో మీరు తిరుగుతూ ఉంటారు.

కొలిచేటప్పుడు ఒకటి గట్టిగా గమనించండి, న్యూట్రల్. ఇన్వర్టర్ ఆఫ్‌లో ఉన్నా మీ వోల్టేజ్ నిలకడగా లేకుండా ఒకసారి 235 ఒకసారి 258 అని ఊగుతుంటే, ఎదురింట్లో వేరే ఫేజ్ మీద అదే టైముకి 205, 210 చూపిస్తుంటే, అది సోలార్ సమస్య కాదు, న్యూట్రల్ వదులైంది. మన సముద్రపు గాలికి ఇది మామూలే. మొన్న అంతర్వేది దారిలో ఒక ఇంటి దగ్గర లైన్‌మన్ గారు స్తంభం మీద జాయింట్ టేప్ విప్పితే అల్యూమినియం తీగ చుట్టూ కాపర్ వైరు ఊరికే మెలేసి ఉంది, మధ్యలో తెల్లటి పొడి, వేలితో రుద్దితే రాలిపోతోంది, తీగ సగం తినేసింది. అక్కడ బైమెటాలిక్ కనెక్టర్ వేసి నొక్కాక ఓవర్ వోల్టేజ్ అన్న మాటే లేదు. న్యూట్రల్ అనుమానం వస్తే ఆ రోజే చెప్పండి, ఆలస్యం చెయ్యకండి, న్యూట్రల్ పూర్తిగా తెగితే ఇంట్లో ఫ్రిజ్జుకీ టీవీకీ 350, 400 వోల్టులు పడొచ్చు.

ఇంక మందు. మీ ఇంటి వైరు 10 స్క్వేర్ కాపర్ చేస్తే లూపు 0.15 ఓం అవుతుంది, అదే 18 ఆంపియర్లకి 2.7 వోల్టులు, అంటే నాలుగున్నర వోల్టులు అక్కడే దిగిపోతాయి. ఇది మీ చేతిలో పని, ఎవర్నీ అడగక్కర్లేదు, నేనైతే మొదట ఇదే చేస్తాను, పైగా రోజూ వైర్లో వేడిగా పోయే యూనిట్లు కూడా మిగులుతాయి. 16 స్క్వేర్ అల్యూమినియం వేసినా దాదాపు అంతే వస్తుంది కానీ చివర్ల లగ్గులు సరిగ్గా క్రింప్ చెయ్యకపోతే ఇందాక చెప్పిన తెల్ల పొడి మీ ఇంట్లోకొస్తుంది. వీలైతే ఇంకో దారి, ఇన్వర్టర్‌నే మీటరు దగ్గరికి తెచ్చేసి ఆ 40 మీటర్లూ డీసీ కేబుల్ లాగడం, 410 వోల్టుల దగ్గర అదే పవర్‌కి 11 ఆంపియర్లే, పైగా డీసీ వైర్లో డ్రాప్ అయ్యే వోల్టులు గ్రిడ్ వోల్టేజ్‌ని ఏమీ చెయ్యవు. ఇల్లు త్రీ ఫేజ్ సర్వీసు అయితే ఇన్వర్టర్ కూడా త్రీ ఫేజ్‌దే తీసుకోవాల్సింది, కరెంటు మూడు ఫేజులకి పంచుకుంటుంది, న్యూట్రల్లో దాదాపు ఏమీ పోదు, వోల్టేజ్ పెరగడం ఆరో వంతుకి వచ్చేస్తుంది. కొత్తగా పెట్టించుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అప్పటిదాకా మీరు బోరు మోటారు, వాషింగ్ మెషిను, గీజరు పొద్దున్నే కాకుండా 12కి వెయ్యండి, బోరు మోటారు 4, 5 ఆంపియర్లు ఇంట్లోనే తాగేస్తే గేటు దాటి లైన్లోకి పోయే కరెంటు అంత తగ్గుతుంది.

ఆఫ్‌లో కూడా మెయిన్ స్విచ్ దగ్గర 248, 250 ఉంటే అప్పుడు కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, టైములతో సహా నాలుగు రీడింగులూ రాసి. ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఒక మెట్టు దించితే చాలు, చిన్నవాటికి చాలావాటికి ట్యాపులే ఉండవు, అప్పుడు పైన సబ్‌స్టేషన్‌లోనే చూడాలి. రాత్రి ఏరియేటర్ల సంగతి కూడా వాళ్ళు చూసుకోవాలి కాబట్టి మధ్యాహ్నం ఎంత, తెల్లారుగట్ల ఎంత రెండూ రాస్తే మీ మాటకి విలువ ఉంటుంది.

ఇన్వర్టర్ సెట్టింగుల్లో మార్చదగ్గది ఒకటుంది, వోల్ట్ వాట్. 253కి చేరి ధడేల్‌మని ఆగే బదులు 248 దగ్గర నుంచే పవర్ మెల్లగా తగ్గించుకుంటుంది, 4.4 పోయి 3.5 వస్తుంది కానీ సున్నా అవ్వదు, నిమిషాల కొద్దీ వెయిటింగ్ ఉండదు. మీ మోడల్లో ఉందేమో కంపెనీ వాళ్ళని అడిగి ఆన్ చేయించండి. వోల్ట్ వార్ అని ఇంకోటుంది, రియాక్టివ్ పవర్ తీసుకుని వోల్టేజ్ దించడం, పుస్తకంలో బావుంటుంది కానీ మన ఎల్‌టీ (ఇళ్ళకి వచ్చే తక్కువ వోల్టేజ్) లైన్లో రెసిస్టెన్స్ పాలే ఎక్కువ, రియాక్టెన్స్ తక్కువ, 0.95 పవర్ ఫ్యాక్టర్ పెట్టినా ఒకటీ అరా వోల్టులు దిగితే గొప్ప. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజ్) లైన్ల మీద పెద్ద ప్లాంట్లకి అది బాగా పనికొస్తుంది.

280 ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెప్తాను, ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. లిమిట్ పెంచితే ఇన్వర్టర్ ఆగదు నిజమే, కానీ ఆ 260, 265 వోల్టులు ఇన్వర్టర్‌తో పాటు ఆ వైరు మీద కట్టిన మీ ఇంటి సామాన్లన్నిటి మీదా పడతాయి, పక్కింటి వాళ్ళ వాటి మీద కూడా కొంతవరకు. చాలా సామాన్ల లోపల సర్జ్ (ఒక్కసారిగా లేచే వోల్టేజ్) నుంచి కాపాడ్డానికి పెట్టే ఎంఓవీ అనే చిన్న భాగం రేటింగే 275 వోల్టులు. అంతకంటే ముఖ్యం లైన్‌మన్ ప్రాణం. గాలివానకి కొబ్బరి మట్ట తీగల మీద పడితే ఏబీ స్విచ్ (స్తంభం మీద లైన్ విడదీసే స్విచ్) లాగి ఆయన స్తంభం ఎక్కుతాడు, లైన్ చచ్చిందనే నమ్మకంతో. ఆ క్షణానికి ఆ ముక్కలో ఇన్వర్టర్లు ఇచ్చేదీ ఇళ్ళు తాగేదీ సరిసమానంగా ఉంటే, పైగా కెపాసిటర్లు కట్టిన ఏరియేటర్ మోటార్లు తిరుగుతుంటే, లైన్ తనంతట తను బతికుండొచ్చు, దీన్నే ఐలాండింగ్ అంటారు. ఇన్వర్టర్ దీన్ని 2 సెకన్ల లోపు పసిగట్టి ఆగాలి, ఐఎస్ 16169 అనే భారతీయ ప్రమాణం టెస్ట్ అందుకే. పసిగట్టే పద్ధతి ఏంటంటే కావాలని ఫ్రీక్వెన్సీని కొంచెం పక్కకి నెట్టి చూస్తుంది, గ్రిడ్ ఉంటే కదలదు, లేకపోతే జారిపోయి 50.5 హెర్ట్జ్ పైకో 47.5 కిందికో దాటుతుంది, అలా దాటితే 0.2 సెకన్లలో ఆగాలి, లేదా వోల్టేజ్ లిమిట్ దాటుతుంది, అప్పుడు ఇందాక చెప్పిన 2 సెకన్లలో. ఇదంతా ఆ లిమిట్ల కంచె మీద ఆధారపడింది. కంచె వెడల్పు చేస్తే అది కనిపెట్టలేని సందర్భాలు పెరుగుతాయి. ఎవరో ఇన్‌స్టాలర్ పాస్‌వర్డ్ ఉందని నొక్కేసేది కాదండి అది.

స్టెబిలైజర్ సంగతి ఒక్క ముక్క: అది లోడు కోసం చేసింది, ఎదురు పారే కరెంటు కోసం కాదు, లోపల రిలే మారిన ప్రతిసారీ వోల్టేజ్ గెంతుతుంది, ఇన్వర్టర్ దాన్ని గ్రిడ్ ఫాల్ట్ అనుకుంటుంది, ఇంకా ఎక్కువ ట్రిప్పులు.

వానాకాలం పొద్దున్నే ఐసోలేషన్ ఫాల్ట్ వస్తోందన్నారు, అది వేరే జాతి. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్ రోజూ ఎక్కేముందు ప్యానెల్ వైర్లకీ ఎర్త్‌కీ మధ్య ఇన్సులేషన్ చూసుకుంటుంది, మంచు పట్టి కనెక్టర్లో చెమ్మ చేరితే ఒప్పుకోదు, ఎనిమిదింటికి ఆరిపోగానే ఎక్కుతుంది. డాబా మీద నీళ్ళల్లో పడున్న కనెక్టర్ ఏదో ఉంటుంది, చీకటి పడ్డాక డీసీ ఐసొలేటర్ దించి వెతికించండి, పైకెత్తి కట్టించండి. ఇన్వర్టర్ గనక రేకుల షెడ్డు కింద ఉంటే ఉత్తరపు గోడకి మార్చండి, డీసీ లింక్‌లో ఉండే ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లకి ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు సగం అవుతుంది.

జనరేటర్ గురించి. కరెంటు పోయాక చెరువు దగ్గర డీజిల్ జనరేటర్ వేస్తే ఆ వోల్టేజ్ చూసి సోలార్ ఇన్వర్టర్ గ్రిడ్ వచ్చిందనుకుని ఎక్కేస్తుంది. ఏరియేటర్లు తాగేదానికంటే సోలార్ ఎక్కువ ఇచ్చిందంటే మిగిలింది ఆల్టర్నేటర్‌లోకి ఎదురు తిరుగుతుంది, గ్రిడ్ అయితే మింగేస్తుంది, జనరేటర్ మింగలేదు, ఇంజిను స్పీడు పెరుగుతుంది, వోల్టేజ్ లేస్తుంది, ఏవీఆర్ (జనరేటర్ వోల్టేజ్‌ని అదుపులో పెట్టే కార్డు) పోతుంది. కలిపి నడపాలంటే జనరేటర్ మీద కనీస లోడు, మామూలుగా 30 శాతం, ఎప్పుడూ ఉండేలా సోలార్‌ని తగ్గించే పీవీ డీజీ కంట్రోలర్ పెట్టాలి, అది కాకుండా కలపకండి. అంత ఖర్చు వద్దనుకుంటే సోలార్ వైరుని చెయింజోవర్ స్విచ్‌కి గ్రిడ్ వైపు కట్టించండి, లోడు వైపు కాదు. అప్పుడు హ్యాండిల్ జనరేటర్ మీదకి తిప్పగానే సోలార్‌కి జనరేటర్ కనపడదు, కరెంటు వచ్చేదాకా అది పడుకునే ఉంటుంది. ఇప్పుడు మీది ఏ వైపు కట్టారో తెలియాలంటే ఎండలో కరెంటు లేనప్పుడు జనరేటర్ వేసి ఇన్వర్టర్ డిస్‌ప్లే చూడండి, గ్రిడ్ లేదు అని చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు, గ్రిడ్ వోల్టేజ్ చూపించి కౌంట్‌డౌన్ మొదలెడితే వెంటనే ఏసీ బ్రేకర్ దించేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.